బ్రాడ్‌కాస్టు: పొలమునుండి వచ్చిన మాట

ఈ మధ్య మా బంధువుల యింట పెండ్లి మాటలు జరుగుచుండగా, ఆ యింటి యిల్లాలు తన చెల్లెలిని ప్రక్కకు పిలిచి, "ఇంకా ఖాయం కాలేదే, నువ్వప్పుడే బ్రాడ్‌కాస్టు చెయ్యకు" అని మెల్లగా హెచ్చరించెను. చెల్లెలు మూతి ముడుచుకొనెను. నేను నవ్వుకొంటిని. ఇరువది సంవత్సరములుగా ఆ పనియే నాకు జీవనాధారము. నేను నెలజీతము పుచ్చుకొని నిత్యము చేయు పని, ఆ యింటిలో మర్యాద తెలిసినవారు చేయరాని పని అయినది!

ఆ యిల్లాలు ఆంగ్లము పెద్దగా చదువుకొన్నది కాదు. ఐనను మాట ఆమె నోట ఎక్కడను తొట్రుపడలేదు. కారు, బస్సు, టిక్కెట్టు వలె అదియును మన యిండ్లలో చనువుగా తిరుగుచున్నది. నేటి నిఘంటువు తెరచి చూచినచో బ్రాడ్‌కాస్టునకు ముఖ్యముగా రెండర్థములు కనబడును: రేడియో, టెలివిజన్ల ద్వారా ప్రసారము చేయుట ఒకటి, గుట్టుగా ఉంచవలసిన దానిని ఊరెల్ల పొక్కించుట రెండవది. రేడియో పుట్టకపూర్వపు నిఘంటువులలో మొదటి అర్థము లేదు. రెండవదియును అప్పటికి ఉపమానముగా మాత్రమే వాడుకలో నుండెను. ఆ పుటలలో ఈ మాటకు అసలు సొత్తుగా కనబడునది విత్తనము.

'బ్రాడ్' అనగా వెడల్పు. ఇది ఆంగ్లేయుల పూర్వీకులు మొదటినుండియు పలుకుచున్న మాట. 'కాస్ట్' అనగా విసరుట. ఇది ఓడలపై వచ్చి ఇంగ్లండు తూర్పుతీరమున స్థిరపడిన స్కాండినేవియా ప్రజల భాషనుండి వచ్చినది. రెండును కలిసి, చేతితో వెడల్పుగా, ఇటునటు పడునట్లు విత్తనము చల్లుట అను అర్థమునిచ్చుచు 18వ శతాబ్ది రెండవ భాగమున వ్యవసాయ గ్రంథములలో నిలదొక్కుకొన్నవి.

ఇక్కడ ఒక చిత్రము కలదు. మానవుడు వేలయేండ్లుగా విత్తనము చేతితోనే చల్లుచున్నాడు గదా! అంత పాతపనికి ఇంత ఆలస్యముగా పేరు రానేల? కారణము సులభము. అందరును ఒకే విధముగా చేయు పనికి ప్రత్యేకముగా పేరు అక్కరలేదు. మన చిన్నతనమున కోడి కోడియే. ఫారముకోడి వచ్చిన తరువాతనే మన పెరటికోడి 'నాటుకోడి' అయినది. ఇంగ్లండులోను అంతే. జెత్రో టల్ అను ఆసామి 1701 ప్రాంతమున గుఱ్ఱము లాగు విత్తు యంత్రమును కట్టెను. అది సాలుసాలుగా, లోతు తప్పక, విత్తనమును నేలలో దిగవిడుచును. 1731లో దానినిగూర్చి గ్రంథము వెలువరించెను. ఆ పద్ధతికి పేరు వచ్చినది గనుక, పాతపద్ధతికిని ఒక పేరు కావలసి వచ్చినది. ఆ పేరే మన బ్రాడ్‌కాస్టు. వ్యవసాయమును సంస్కరింపబూనిన పెద్దలకు అది విత్తనమును వృథాచేయు మోటు పద్ధతి. పక్షులు తినును, గాలి కొట్టుకొనిపోవును, ఒకచోట గుంపుగా మొలచును, ఇంకొకచోట బట్టతలవలె నేల మిగులును. అనగా ఈ మాటకు చిన్నచూపు పుట్టుకతోనే తగిలినది. మా బంధువుల యింటి యిల్లాలు క్రొత్తగా అంటగట్టినది కాదు.

మనవారికి మాత్రము ఈ రెండు పద్ధతులును ఎంతో కాలమునుండి తెలిసియే యున్నవి. 1795లో కెప్టెన్ హాల్కాట్ అను ఆంగ్లేయుడు, విత్తు యంత్రము ఐరోపావారి క్రొత్త కల్పన యని తాననుకొనుచుండగా దక్షిణ దేశపు పొలములలో అది సామాన్యముగా నడచుచుండుట చూచి ఆశ్చర్యపడి, తనవారికి వ్రాసెను. ఆయన చూచినటువంటిదే మన గొర్రు. రాయలసీమలో, తెలంగాణములో మెట్టచేల రైతును అడిగిన చెప్పును: గొర్రుమీద జడ్డిగము, జడ్డిగము నుండి వెదురుగొట్టములు, వానిగుండ సాలులో పడు గింజలు. చేతితో చల్లుటకు మన మాట 'వెదజల్లుట'. వెద యనగా విత్తుట. వెదజల్లుటయు బ్రాడ్‌కాస్టును అక్షరాల కవలలు. ఈ సంగతికి మరల వత్తును.

మా తాతగారు నువ్వులు చల్లుట నాకు బాగుగా జ్ఞాపకమున్నది. నువ్వుగింజ చిన్నది. పిడికిట పట్టి విసరినచో ఒక్కచోటనే కుప్పగా పడును. అందుచే దానిలో సన్నని ఇసుక కలిపి ఒడిలో పోసికొనెడివారు. అడుగుకొక పిడికెడు. అడుగులో తేడా వచ్చినచో చేనిలో తేడా వచ్చును. నన్ను వెంటబడి రానిచ్చెడివారు గాని మాట్లాడనిచ్చెడివారు కారు. నేనొకసారి ఊరకుండలేక, "ఏ గింజ ఎక్కడ పడిందో నీకు తెలుస్తుందా తాతా?" అని అడిగితిని. తాతగారు చేయి ఆపక, "తెలియదురా, వాన కురిసినాక తెలుస్తుంది" అనిరి.

ఇక పొలమునుండి ఆకాశమునకు ఈ మాట ఎట్లెక్కినదో చూతము. ఎక్కిన త్రోవ తిన్ననిది కాదు.

మార్కొనీ 1896లో ఇంగ్లండునకు వచ్చి నిస్తంత్రి వార్తలకు పేటెంటు కోరినప్పుడు ఆయన మనస్సులో పాటలు లేవు, ప్రసంగములు లేవు. ఆయనకు కావలసినది తీగలేని టెలిగ్రాఫు. ఇక్కడినుండి ఒకడు పంపవలెను, అక్కడ ఒకడు అందుకొనవలెను. నడుమ ఎవరును వినరాదు. కాని విద్యుత్తరంగములు ఆ కట్టుబాటుకు లోబడలేదు. అవి దీపపు వెలుగువలె అన్ని దిక్కులకును వ్యాపించును. తగిన పరికరము గలవాడెవడైనను అందుకొనును. యుద్ధనౌకల రహస్యములు, వ్యాపారుల ధరవరలు గాలిలో బట్టబయలు! ఇది ఆనాడు నిస్తంత్రికి పెద్ద లోపముగా ఎన్నబడెను. మార్కొనీ ఈ లోపమును సవరించితిననియు, తన యంత్రములను శ్రుతిచేసి ఒకరి వార్తను మరొకరు వినకుండునట్లును, చెరుపకుండునట్లును చేసితిననియు ప్రకటించెను.

1903 జూన్ నెలలో ఈ గొప్ప పరీక్షకు వచ్చినది. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫ్లెమింగ్ పండితుడు సభవారికి నిస్తంత్రి మహిమను వివరించుచుండెను. మూడువందల మైళ్ళ దూరమున, కార్న్‌వాల్ సముద్రతీరమందలి పోల్డులో మార్కొనీ సిద్ధముగా నుండెను. ఆయన పంపు వార్త సభామధ్యమున అందవలెను. అంతలో, రావలసిన వార్త ఇంకను రాకమునుపే యంత్రము టకటక కొట్టసాగినది. దానిని అర్థము చేసికొనగల సహాయకుని ముఖము వెలవెలబోయెను. వచ్చుచున్నది ఒకే మాట, మరల మరల: 'ఎలుకలు, ఎలుకలు'. దానివెంట ఇటలీనుండి వచ్చిన ఒక చిన్నవాడు లోకమును మోసగించుచున్నాడని ఎగతాళి పద్యమొకటి. సభలో చాలమందికి ఏమి జరిగినదో తెలియనే లేదు. మార్కొనీ వార్త తరువాత వచ్చినది గాని, పరువు అప్పటికే పోయినది.

ఆ ఆకతాయి పని చేసినవాడు నెవిల్ మాస్కెలీన్. ఇంద్రజాలికుల వంశమువాడు, నిస్తంత్రి విద్యను స్వయముగా అభ్యసించినవాడు. సముద్రగర్భపు తంతివార్తల కంపెనీ ఒకటి ఆయనకు అండగా నిలిచినది. తీగలేని వార్తలు నిజముగా రహస్యముగా పోగలిగినచో వారి తీగలకు విలువ ఏముండును? ఫ్లెమింగ్ మండిపడి 'టైమ్స్' పత్రికకు వ్రాసెను. మాస్కెలీన్ అదే పత్రికలో, చేసినది నేనే, లోకమునకు నిజము తెలియుటకే చేసితినని జవాబిచ్చెను. ఆయన పద్ధతి మొరటుది. కాని చెప్పినది అబద్ధము కాదు. గాలిలో పలికిన మాట గాలి సొత్తే.

లోపమనుకొన్నదే ప్రాణదానము చేసిన ఘట్టము 1912 ఏప్రిల్‌లో వచ్చినది. మునుగుచున్న టైటానిక్ ఓడనుండి వెలువడిన ఆపదపిలుపు ఏ ఒక్కరి పేరునను పోలేదు; వినగలవారందరి కొరకును పోయినది. విన్న ఓడలలో కర్పాతియా వచ్చి ఏడువందలమందికి పైగా రక్షించెను. ఐనను ఈ గుణమును వ్యాపారముగా, వినోదముగా, విద్యగా మార్చవచ్చునన్న ఆలోచన స్థిరపడుటకు ఇంకను ఎనిమిది సంవత్సరములు పట్టినది.

ఆ ఆలోచన ఒక దుకాణపు ప్రకటననుండి వచ్చినది. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరమునకు చేరువను ఫ్రాంక్ కాన్రాడ్ అను ఇంజనీరు తన యింటి షెడ్డులో నిస్తంత్రి యంత్రమును పెట్టుకొని, విశ్రాంతి వేళలలో తోడి ఉత్సాహవంతులతో మాట్లాడుచుండెడివాడు. మాటాడి మాటాడి విసిగి, గ్రామఫోను రికార్డులు వేయసాగెను. వినెడివారు ఫలానా పాట వేయుమని కోరసాగిరి. తన రికార్డులు చాలక అంగడివానివద్ద అరువు తెచ్చెను. 1920 సెప్టెంబరులో ఆ నగరపు పెద్ద దుకాణమువారు, ఈ పాటలు వినదలచినవారికి పది డాలర్లు మొదలుకొని యంత్రములు మావద్ద దొరకునని పత్రికలో వేయించిరి. కాన్రాడ్ పనిచేయు వెస్టింగ్‌హౌస్ కంపెనీలో పెద్ద అధికారియైన డేవిస్ ఆ ప్రకటన చదివెను. నిస్తంత్రిని రహస్యపు సాధనముగా చేయవలెనని ఇన్నాళ్ళు అందరును తంటాలు పడుట పొరపాటనియు, అందరును వినగలుగుటయే దాని గొప్పయనియు ఆయనకు తట్టెను. నవంబరు 2వ తేదీన, అధ్యక్షుని యెన్నిక ఫలితములతో, కేడీకేఏ అను కేంద్రము పలికెను. హార్డింగ్ గెలిచిన వార్తను కొందరు పత్రిక రాకముందే యింట కూర్చుండి వినిరి.

ఇట్టి పనికి పేరు కావలసి వచ్చినప్పుడు పొలములోని పాతమాట చేతికందినది. ఒకని చిరునామాకు పంపుట కాదు. చేయి చాచి చల్లుట. ఎక్కడ పడునో చల్లువానికి తెలియదు. ఇంతకన్న తగిన మాట వెదకినను దొరకదు. 1922లో లండనులో ఏర్పడిన కంపెనీ ఆ మాటను తన పేరులోనే పెట్టుకొన్నది. ఆ బీబీసీయే 1927 ఆరంభమున ప్రభుత్వపు సన్నదుతో కార్పొరేషన్ అయినది. మాట పుట్టిల్లు వారికి బాగుగా తెలియును. 1932లో తెరచిన వారి భవనపు లోపలి హాలులో ఎరిక్ గిల్ చెక్కిన శిల్పము ఒకటి యున్నది: విత్తనములు చల్లుచున్న మనిషి. అదే హాలులో, ఇక్కడ చల్లిన మంచి విత్తనము మంచి పంటనిచ్చుగాక అను ప్రార్థన లాటిను భాషలో చెక్కియున్నది. రాతి అడుగులువేయు ఆ మనిషికి మా తాతగారివలె ఒడి లేదు గాని, చేయి అదే.

వ్యాకరణవేత్తలు కొన్నాళ్ళు ఈ క్రియకు భూతకాలపు రూపము 'బ్రాడ్‌కాస్టా', 'బ్రాడ్‌కాస్టెడ్డా' అని వాదులాడుకొనిరి. మొదటిదే ఎక్కువగా నిలిచినది. మనకు ఆ బాధ లేదు. ఏ పరభాషాపదము వచ్చినను చివర 'చేయు' తగిలించి మన కాలములన్నియు దానిచే పలికింపగలము.

భారతదేశమున ఈ మాట చరిత్ర మరియొక మలుపు తిరిగినది. 1924లో మద్రాసులో ఔత్సాహికుల క్లబ్బు ప్రసారములు సాగించి, ధనము చాలక 1927లో ఆపివేసినది. ఆ సంవత్సరమే బొంబాయి, కలకత్తాలలో కేంద్రములు పెట్టిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1930లో దివాలా తీసినది. ప్రభుత్వము దానిని చేతికి తీసికొని 'ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీస్' అని పేరు పెట్టినది. 1935లో బీబీసీనుండి లయొనెల్ ఫీల్డెన్ అను నాతడు దీనికి అధిపతిగా వచ్చెను. చమత్కారి. ఆ పొడుగు పేరు అతనికి గిట్టలేదు. కచ్చేరీలో వాదించి లాభము లేదని గ్రహించి, ఒక విందు సమయమున వైస్రాయి లిన్‌లిత్‌గోను ఒంటరిగా పట్టుకొనెను. పేరు మరీ బరువుగా ఉన్నదనియు, పైగా 'బ్రాడ్‌కాస్టింగ్' అను మాట భారతీయుల నోట పలుకదనియు, తనకేమియు తోచుట లేదనియు, ప్రభువువారే సహాయపడవలెననియు అమాయకముగా విన్నవించెను. వైస్రాయి ఆలోచించి 'ఆలిండియా' అనెను. ఫీల్డెన్ ముగ్ధుడైనట్లు నటించెను. మరికొంత ఆలోచించి 'రేడియో' అనెను. అంతకంటె కావలసినదేమి? మూడు మొదటి అక్షరములు కలిపిన ఆంగ్లమున గాలి యను మాట వచ్చును! 1936 జూన్ 8న ఆలిండియా రేడియో అవతరించెను. ఈ వృత్తాంతము ఫీల్డెన్ తన ఆత్మకథలో స్వయముగా చెప్పుకొన్నదే. కొంత ఉప్పుకారము అద్దియుండవచ్చును. కాని మనకు పలుకదని తీసివేసిన మాట నేడు పెండ్లివారి వంటింటిలో ఎంత హాయిగా పలుకుచున్నదో ఆయన వినియుండిన బాగుండెడిది.

దీనికి ఒక సంవత్సరము ముందే, 1935లో, మైసూరులో గోపాలస్వామి అను మనస్తత్వశాస్త్రపు ఆచార్యుడు తన యింటినుండి చిన్న ప్రసారకేంద్రమును నడిపి దానికి 'ఆకాశవాణి' అని పేరు పెట్టెను. 1950 దశకము రెండవ భాగమున దేశమంతటికిని ఆ పేరు వచ్చినది. 2023లో ఆంగ్ల ప్రసారములందును ఆ పేరే వాడవలెనని నిర్ణయమైనది. పేరు సుందరము, గంభీరము. సందేహము లేదు. ఐనను ఉద్యోగిగా కాక భాషాప్రియునిగా ఒక మాట చెప్పుదును. పురాణములలో ఆకాశవాణి పలికినచో అది శాసనము. కంసుడు విని వణికెను. ఎదురు ప్రశ్న వేయుటకు వీలులేదు. బ్రాడ్‌కాస్టులోని మనిషి అట్టివాడు కాడు. వాడు నేలమీద నడుచుచు, మేఘమువైపు చూచువాడు.

ఇందాక వెదజల్లుట అను మాటకు మరల వత్తునంటిని. 1938లో మద్రాసు రేడియో కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము తెలుగులో పలికినప్పుడు, ఆంగ్లమునకు అచ్చమైన కవలగా ఈ మాట మనకు సిద్ధముగా నుండెను. మనవారు దానిని తీసికొనలేదు. 'వార్తలు వెదజల్లబడును' అనిన నవ్వువచ్చును. ఏలనగా మన భాషలో ఆ మాట అప్పటికే పొలము విడిచి కావ్యములలో చేరినది. పూలు పరిమళమును వెదజల్లును, చంద్రుడు వెన్నెలను వెదజల్లును. మరి 'చాటుట' ఉన్నది. ఊరిలో దండోరా వేయించుట చాటింపు. కాని అదియు సరిపోదు. చాటింపు వెనుక మునసబో, కరణమో, వారి ఆజ్ఞయో ఉండును. పైగా మన తెలుగు చమత్కారము చూడుడు, చాటు అనగా మరుగు. చాటు అనగా వెల్లడించు. ఒకే మాటలో గుట్టు, రట్టు రెండును! చివరకు సంస్కృతమునుండి 'ప్రసారము' వచ్చి కూర్చుండెను. ముందుకు సాగుట, వ్యాపించుట దాని అర్థము. శుభ్రమైన మాట. మట్టి అంటనిది. 1990 నాటి శాసనముతో ఏర్పడి, 1997లో అమలునకు వచ్చిన 'ప్రసార భారతి' పేరులోను అదే ఉన్నది. ఆ శాసనపు పేరులో కుండలీకరణములలో 'బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా' అని కూడ వ్రాసియున్నది. ఫీల్డెన్ గెంటివేసిన మాట ఆ విధముగా పెరటి గుమ్మమునుండి లోనికి వచ్చినది.

ప్రసారమునకు ఒక్క అక్షరము మార్చిన ప్రచారమగును. అచ్చుకూర్పరి చేయి జారుటకు అనువైన చోటు ఇది. కాని ఈ రెంటి ఆంగ్లపదముల పుట్టుక చూచినచో అక్షరభేదము కన్న పెద్ద భేదము తెలియును. 'ప్రాపగాండా' అను మాటయు తోటనుండి వచ్చినదే. లాటిను భాషలో దాని మూలమునకు కొమ్మను వంచి మట్టిలో పూడ్చి అంటుకట్టి మొక్కలను పెంచుట అని అర్థము. 1622లో రోమునందు మతవ్యాప్తికై ఏర్పరచిన సంఘముపేరునుండి అది లోకమునకు వచ్చినది. అంటుమొక్క ఎన్ని కట్టినను తల్లిచెట్టుకు అచ్చుగ్రుద్దినట్లుండును. అది కోరినది కూడ అదియే. చల్లిన గింజ అట్లు కాదు. నేల ఎట్టిదో, తేమ ఎంతయో, ప్రక్కన కలుపు ఎంతయో, వీనినిబట్టి మొలచును. మొలవకనుపోవును. రెండవ ప్రపంచయుద్ధకాలమున ప్రతి దేశమును తన రేడియోతో అంటుకట్టజూచినది. వినెడివారు ఒకే కేంద్రమును నమ్మక, శత్రువుల కేంద్రమును కూడ తలుపులు మూసికొని విని, రెంటిని బేరీజు వేసికొనిరి. జర్మనీలో అట్లు విన్నవారికి కఠినశిక్షలుండెను. వేవ్‌లెంగ్తు త్రిప్పు మీట శ్రోత చేతిలోనుండుట ఎంత విషయమో ఆ శిక్షలే చెప్పును.

నేటి వాడుకకు వత్తము. చేతిఫోనులలో వాట్సాపు వచ్చిన తరువాత 'బ్రాడ్‌కాస్టు లిస్టు' అను మాట మన యిండ్లలో క్రొత్తగా చేరినది. పండుగ శుభాకాంక్షలు ఒకేసారి నూరుమందికి పంపుట. అందుకొన్న ప్రతివాడును అది తనకొక్కనికే వచ్చినదనుకొనును. నా లెక్కన ఇది బ్రాడ్‌కాస్టు కానే కాదు. పేర్లు ఎంచి, వరుస కట్టి, ఒక్కొక్క గుంతలో ఒక్కొక్క గింజ వేయుట. జెత్రో టల్ చూచిన సంతోషించును. 2004 ప్రాంతమున పుట్టిన 'పాడ్‌కాస్టు' ఇంకను వింత. ఐపాడ్ అను యంత్రపు పేరులోని తోకను, మన మాటలోని తోకను ముడివేసిరి. వెడల్పు అను సగము పోయినది, విసరుట అను సగము మిగిలినది. మాటలు అట్లే ఉండును, చింతలేదు. కోరినవాడు కోరినవేళ కోరినది వినుటకు అది చక్కని ఏర్పాటు. కాని కోరనిది చెవినిబడుట అందులో తక్కువ. వంట చేసికొనుచు సినిమాపాటకై పెట్టిన రేడియోలో, పాట వచ్చులోపల అనుకొనకుండ త్యాగరాజు కీర్తనయో, పాముకాటు ప్రథమచికిత్సయో వినబడుట పాత పద్ధతిలోని లాభము. గట్టుమీద పడిన గింజ కూడ ఒక్కొక్కప్పుడు మొలచును.

మాట పొలమునకు తిరిగి వచ్చిన సందర్భమొకటి 1960 దశకమున తంజావూరు ప్రాంతమున జరిగినది. ఆడుతురై పరిశోధనాకేంద్రపు ఏడీటీ 27 అను క్రొత్త వరివంగడమును గూర్చి తిరుచిరాపల్లి ఆకాశవాణి పదేపదే చెప్పినది. రైతులు విని, విత్తనము తెచ్చి, పండించిరి. అంకెలతో కూడిన పేరు వారికి నోరు తిరుగలేదు. 'రేడియో వరి' అనిరి. మన రాష్ట్రములలోను నేడు కూలీల కొరతచే, నారు పోసి నాటుట మాని వరిని నేరుగా వెదజల్లు పద్ధతిని గూర్చి వ్యవసాయ కార్యక్రమములలో తరచు చెప్పుచున్నారు. బ్రాడ్‌కాస్టును గూర్చి బ్రాడ్‌కాస్టు!

అట్టి ఒక వ్యవసాయ కార్యక్రమముననే నా తప్పొకటి జరిగినది. చాల యేండ్లనాటి మాట. వేరుశనగ విత్తనశుద్ధిని గూర్చి నిపుణులు వ్రాసి పంపిన పాఠమును ఆ సాయంత్రము నేను చదువవలసి వచ్చెను. కిలో విత్తనమునకు 3 గ్రాముల మందు అని కాగితములో స్పష్టముగా నున్నది. నేను ముప్పది అని చదివితిని. ఎర్రదీపము ఆరిన తరువాత గాని నాకు తెలియలేదు. మరునాడు అదే వేళకు సవరణ చదివితిని. ఆ మరునాడును, దాని మరునాడును చదివితిని. పై అధికారి ఏమియు అనలేదు, మూడుసార్లు చెప్పితివి గదా అనిరి. అప్పటికి నేనును కుదుటపడితిని.

మూడు వారముల తరువాత ఒక కార్డు వచ్చినది. పెన్సిలుతో, పెద్ద పెద్ద అక్షరములతో వ్రాసినది. రేడియోలో చెప్పినట్లు కిలోకు ముప్పది గ్రాముల వంతున కలిపితిననియు, పట్టణమునుండి తెచ్చిన పొట్లము ఆరు కిలోల విత్తనమునకే అయిపోయినదనియు, తక్కిన గింజలు అట్లే ఉన్నవనియు, మరల పోయి ఇంకొక పదిపొట్లములు తేవలెనా, లేక మందు లేకయే విత్తవచ్చునా తెలుపవలసినదనియు అందులో నుండెను. సవరణ చదివిన మూడు దినములును ఆయన కూతురి పురిటికై పొరుగు జిల్లాకు పోయియుండెనట. అదియు ఆ కార్డులోనే, చివర, ఖాళీ చాలక అంచువెంట వ్రాసియున్నది.

ఆ రాత్రియే జవాబు వ్రాసితిని. తప్పు నాదియేయనియు, 3 గ్రాములు చాలుననియు, కలిపిన ఆ ఆరు కిలోల సంగతి దగ్గరలోని వ్యవసాయాధికారిని అడిగి చూడవలసినదనియు వ్రాసి, పైన ఆయన పేరు, గ్రామము, మండలము రెండుసార్లు సరిచూచుకొని తపాలపెట్టెలో వేసితిని. అప్పటికి తొలివాన పడి నాలుగు దినములైనది. మరల ఆయన వద్దనుండి కార్డు రాలేదు. ఆ పెన్సిలు కార్డు మాత్రము నా బల్లసొరుగులో నున్నది. వ్యవసాయ పాఠము చదువవలసిన దినమున అంకెలు చూచుకొనుటకు ముందు దానిని బయటకు తీసి బల్లమీద పెట్టుకొందును.